సున్నపురాతి సీమలో రసాయన విద్య

పల్నాడనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణభూమి మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ వీరగాథల క్రింద రాతి చరిత్ర యొకటి యున్నది. క్రీ. శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు నాగార్జునకొండ బౌద్ధ శిల్పములను చెక్కినది ఈ సీమ సున్నపురాతి మీదనే. పిడుగురాళ్ల బట్టీలలో కాలి మన గోడల కెక్కినదియు, మాచర్లలో సిమెంటైనదియు సున్నపురాయియే.

కాలిన రాయి తేలికయగునని బట్టీ పనివారికి అనుభవమున తెలియును. ఏల తేలికయగును? ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా నున్న జోసెఫ్ బ్లాక్ 1754లో తన సిద్ధాంత వ్యాసముతో ఈ జాతి ప్రశ్నలకు పూనుకొనెను. రాయి కోల్పోయిన బరువు దానినుండి వెడలిన వాయువుదేయని 1756లో ప్రకటించెను. నేటి లెక్కలో 100 పాళ్ల శుద్ధమైన సున్నపురాయి కాలిన 56 పాళ్ల సున్నము మిగులును. 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువై పోవును. ఒక విద్యార్థి ప్రశ్నతో మొదలైన శాస్త్రమిది.

అయినను పల్నాటి విద్యార్థికి ఆ శాస్త్రము చిరకాలము దూరపు చదువుగానే యుండెను. 1885 నాటి గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలకో, మద్రాసుకో పోవలెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడి, తరువాత ఆచార్య టి. ఆర్. శేషాద్రి నాయకత్వమున వాల్తేరు రసాయనశాఖ ఖ్యాతి గాంచెను. కాని పరఊరి బస, భోజనముల ఖర్చు భరింపగల యింటి బిడ్డకే ఆ భాగ్యము. నరసరావుపేటలో 1950లో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల వెలయుటతో కళాశాల విద్య ఈ ప్రాంతపు గ్రామములకు చేరువయ్యెను.

దూరము తగ్గినను భాష మిగిలెను. ఊరిబడిలో తెలుగున చదివిన బాలుడు కళాశాలలో ఆంగ్ల పదముల నడుమ తడబడెను. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి డిగ్రీ తరగతులకు తెలుగు పాఠ్యగ్రంథములను సమకూర్చెను. 2021లో రాష్ట్ర ప్రభుత్వము డిగ్రీ చదువులకు ఆంగ్లమాధ్యమమును నిర్ణయించెను. కొలువుల దృష్ట్యా ఆంగ్లము వలసినదే. కాని విద్యార్థి తాను కంఠస్థము చేసిన సమీకరణమునకును, తన ఊరి బట్టీకిని గల సంబంధమును మరచినచో ఆ చదువు పరీక్షతోనే ముగియును.

బి.ఎస్సీ. ప్రయోగశాలలో నీటి కాఠిన్యమును కొలుచు పరీక్ష యొకటి కలదు. రంగుసూచిక కలిపిన నీటిలో ఇ. డి. టి. ఏ. ద్రావణమును చుక్కచుక్కగా విడిచిన, ఎరుపు నీలమగును. ఎన్ని చుక్కలు పట్టినవో దానినిబట్టి నీటిలోని సున్నపు, మెగ్నీషియపు లవణముల లెక్క తేలును. సబ్బు నురుగని, పప్పుడకని నూతినీటిని మన గృహిణులు ఏనాడో గుర్తించిరి. వారెరిగిన దానికి ఈ పరీక్ష అంకె నిచ్చుచున్నది.

కావున శ్రోతలకు మా మనవి యొక్కటే. మీ యింట రసాయనము చదువు అబ్బాయిగాని, అమ్మాయిగాని యున్నచో, మార్కు లెన్నియని అడుగుటకు ముందు మన నూతినీటి సంగతి యేమని తెలుగున అడుగుడు. ఆ జవాబు ఇంటిల్లిపాదికి అర్థమైననాడు పల్నాటి రాయి పల్నాటి విద్యయగును.