సర్కారీ వకీలు పని మనకు ఎంతవరకు కనిపిస్తుంది?

క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరే పబ్లిక్ ప్రాసిక్యూటర్. మన ఇళ్లలో సర్కారీ వకీలు అంటాం. మేజిస్ట్రేట్ కోర్టులో అయితే ఏపీపీ, సెషన్స్ కోర్టులో అయితే పీపీ. బాధితులు సొంతంగా వకీలును పెట్టుకున్నా, ఆయన పీపీకి సాయంగా ఉండాల్సిందే. కేసు నడిపేది పీపీయే. అందుకే ఆ పని ఎలా సాగుతోందో తెలియడం రెండు వైపుల కుటుంబాలకూ అవసరం. సాక్షులు రాక ఏళ్లు గడిస్తే, జామీను దొరకని ముద్దాయి జైల్లోనే ఉండిపోతాడు కదా.

మొదటి ఆధారం ఎఫ్ఐఆర్. దాన్ని 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. నెట్ సరిగా లేని చోట 72 గంటల దాకా వెసులుబాటు ఉంది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు ఇది వర్తించదు.

రెండోది ఈ-కోర్ట్స్ యాప్. ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబర్ ఉంటుంది. అది కొడితే పైసా ఖర్చు లేకుండా వివరాలు వస్తాయి. చాలామంది తర్వాతి వాయిదా తేదీ చూసి మూసేస్తారు. అసలు సంగతి కింద ఉన్న వాయిదాల చరిత్రలో ఉంటుంది. సమన్లు, అభియోగాలు, సాక్ష్యం, వాదనలు అంటూ కేసు ఏ రోజు ఏ దశలో ఉందో అక్కడ తెలుస్తుంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం దగ్గరే వరసగా ఎనిమిది, పది వాయిదాలు పడ్డాయంటే, ఒక్కో తేదీ తెరిచి కారణం చూడండి. సాక్షికి సమన్లు అందలేదా? అది పోలీసుల పని. జడ్జిగారు సెలవులో ఉన్నారా? ముద్దాయే హాజరు కాలేదా? అన్నీ పీపీ నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఎన్‌సీఆర్‌బీ ఇచ్చే శిక్షల శాతాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. విచారణ పూర్తయిన కేసులనే అందులో లెక్కిస్తారు, పెండింగువి కలవవు. ఒక్కో పీపీ పని దానివల్ల తెలియదు.

చికాగో ఉండే కుక్ కౌంటీలో ప్రాసిక్యూటర్ కార్యాలయం 2018లో ఇంకా ముందుకెళ్లింది. 2011 నుంచి తమ దగ్గరికి వచ్చిన పెద్ద నేరాల కేసుల సమాచారాన్ని పేర్లు లేకుండా జనం ముందు పెట్టింది. ఏ కేసు తీసుకున్నారు, ఏది వద్దన్నారు, ఎలా ముగిసింది, ఎంత శిక్ష పడింది, నిందితుడి జాతి, వయసు ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయి. ఒకే నేరానికి ఒక వర్గాన్ని ఒకలా, ఇంకో వర్గాన్ని ఇంకోలా చూస్తున్నారా అన్నది అలాంటి లెక్కల్లోనే బయటపడుతుంది.

మన దగ్గర ఛార్జిషీట్లను వెబ్‌సైట్లో పెట్టనక్కర్లేదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ముద్దాయికి, వకీలు ఉన్న బాధితుడికి నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్, 360వ సెక్షన్ ప్రకారం, పీపీ కేసు ఉపసంహరించుకుంటానంటే బాధితుడి మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు. ఈ ముక్క చాలామందికి తెలియదు.

మొత్తం లెక్కలు కావాలంటే ప్రాసిక్యూషన్ శాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. "ఫలానా కేసులో ఎందుకు ఓడారు" అని అడిగితే జవాబు రాదు. "ఈ కోర్టులో గత మూడేళ్లలో ఎన్ని కేసులు తేలాయి, ఎన్నింట్లో శిక్ష పడింది, ఎన్ని ఉపసంహరించారు, ఎన్నింటిపై అప్పీలుకు వెళ్లారు" అని అంకెలు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.