గడియ గిన్నె నుంచి గడియారం దాకా: అడవి అంచు బడుల విజ్ఞానయాత్రకు ఒక చారిత్రక భూమిక

కాలాన్ని కొలిచే యంత్రానికి తెలుగులో గడియారమని పేరు. ఆ పేరులోనే దాని పూర్వచరిత్ర కొంత దాగి ఉంది. గడియ అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిసి 60 గడియలు. సంస్కృతంలో ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటి తొట్టిలో వదిలితే నీరు మెల్లగా లోపలికి చేరి గిన్నె మునుగుతుంది. ఆ మునిగేటంత కాలమే ఒక గడియ. గిన్నె పేరే కాలానికి పేరైంది. కాలం పేరు చివరకు యంత్రానికి చేరింది.

ఈ మాటను రోజూ పలికే పిల్లలు హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో ప్రసిద్ధమైన గడియారం ముందు నిలబడతారు. ప్రతి గంటకూ లోపలి నుంచి ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టి తరువాతి గదికి వెళ్లిపోతారు. ఆ యంత్రం ఇంగ్లండులో తయారై, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ అనే వ్యాపార సంస్థ ద్వారా వచ్చిందని తెలుసుకుంటారు. యంత్రాలన్నీ ఎక్కడో దూరదేశంలో, ఎవరో పుట్టించారనే అభిప్రాయం మాత్రం వారితోనే ఇంటికి వస్తుంది. చూపించిన వస్తువు వల్ల కాదు, చూపించిన పద్ధతి వల్ల కలిగిన నష్టమిది.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న బడులకు ఈ నష్టం మరీ ఎక్కువ. భద్రాచలం నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. భద్రాచలం రోడ్ అని పేరున్న రైలు స్టేషను సైతం కొత్తగూడెంలో, భద్రాచలానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. దుమ్ముగూడెం, చర్ల వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే కోయ పిల్లలకు రాజధాని ప్రయాణం చదువుకాలం మొత్తంలో ఒక్కసారి దక్కితే గొప్ప. ఆ ఒక్కసారీ విహారయాత్రగా ముగిసిపోకుండా విజ్ఞానయాత్ర కావాలంటే, ప్రయాణ ఏర్పాట్ల కన్నా ముందు పాఠం ఏర్పాటు జరగాలి.

సాలార్ జంగ్ మ్యూజియం స్వభావాన్ని ఉపాధ్యాయులు ముందుగా గ్రహించడం అవసరం. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ఇది ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న భవనానికి మారింది. ఇది ఒక వ్యక్తి అభిరుచి కూర్చిన సంపద. ఆవిష్కరణల చరిత్రను వరుసగా చెప్పడానికి కట్టింది కాదు. ఆ వరుసను ఉపాధ్యాయుడే కల్పించాలి. అన్ని గదులూ ఒకే పూటలో తిప్పితే పిల్లలకు అలసట తప్ప మరేమీ మిగలదు. గడియారాల గది, ఆయుధాల గది చాలు. వాటికి తోడు గోల్కొండ కోట. మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక, ఆ రోజు నగరానికి చేరేవారు కోటను ముందు చూసుకోవచ్చు.

ఈ మూడు చోట్లకు మూడు వస్తువులను సూత్రంగా పట్టుకోవచ్చు: గిన్నె, నీరు, ఉక్కు.

మొదటిది గిన్నె. 16వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హిందుస్థానంలో అడుగుపెట్టిన బాబరు తన ఆత్మకథలో ఇక్కడి గడియ లెక్కను శ్రద్ధగా వర్ణించాడు. ముఖ్యమైన పట్టణాల్లో మందమైన లోహపు పళ్లెం వేలాడదీసి, గిన్నె మునిగినప్పుడల్లా దానిమీద కొట్టేవారు. పగటికి నాలుగు జాములు, రాత్రికి నాలుగు జాములు. అయితే రాత్రి మేలుకున్నవాడికి గడియ దెబ్బలు వినిపించేవే కాని, అది ఎన్నో జామో తెలిసేది కాదు. గడియ దెబ్బల తరువాత కాస్త ఆగి జాము సంఖ్యను కూడా కొట్టాలని బాబరు ఆజ్ఞాపించాడు. గిన్నె మారలేదు, పళ్లెం మారలేదు. వాడుకలో చిన్న సవరణ జరిగింది, అంతే. ఆవిష్కరణల్లో అధిక భాగం ఇటువంటి సవరణలేనని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు.

బాబరుకు మూడు శతాబ్దాల ముందే ఈ గిన్నె చాలా దూరం ప్రయాణించింది. నేటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో అర్తుఖీ రాజుల కొలువులో ఉన్న అల్ జజరీ, హిజ్రీ 602లో, అంటే 1206లో, యంత్రాలను గురించిన తన గ్రంథాన్ని పూర్తి చేశాడు. అందులో ప్రసిద్ధమైనది ఏనుగు గడియారం. ఏనుగు కడుపులో నీటి తొట్టి, తొట్టిలో రంధ్రం ఉన్న గిన్నె. గిన్నె మునగడానికి అరగంట. మునిగేటప్పుడు అది తాడును లాగుతుంది. పైనుంచి ఒక గుండు జారి గద్ద నోటి నుంచి పాము నోట్లో పడుతుంది. పాము బరువుకు వంగి గిన్నెను మళ్లీ పైకి ఎత్తుతుంది. మావటివాడి బొమ్మ ఏనుగును కొడుతుంది. ఏనుగు, గిన్నె హిందూ దేశానివి; పాములు చీనా వాసన గలవి; నీటి యంత్ర విద్యలో గ్రీకుల పాలు ఉంది; బొమ్మల వేషం అరబ్బులది. ఆనాటికి తెలిసిన ప్రపంచమంతా ఒక్క యంత్రంలో కూడింది.

అల్ జజరీ తనకు ముందున్నవారి పని మీద తాను ఆధారపడినట్లు దాచుకోలేదు. ఆర్కిమెడీస్ పేరుతో ప్రచారంలో ఉన్న నీటి గడియార గ్రంథాన్నీ, 9వ శతాబ్దపు బాగ్దాదులో యంత్రాల గ్రంథం రాసిన బనూ మూసా సోదరుల కృషినీ పేర్కొని, వాటిలో తనకు తోచిన లోపాలు చెప్పి, తన మార్పులు చెప్పాడు. ఈ నిజాయితీ గమనించదగినది. ముస్లిం నాగరికత ఆవిష్కరణలను పొగిడే జాబితాలు అనేకం ఉన్నాయి. పాశ్చాత్యులను పొగిడేవి అంతకన్నా ఎక్కువ. ప్రాచీన భారతాన్ని పొగిడేవీ కొదవలేదు. “మొదట కనిపెట్టింది మావారే” అనే వాక్యం పిల్లవాడిలో గర్వాన్ని నింపుతుంది కాని ప్రశ్నను పుట్టించదు. “దీనికి ముందు ఏముండేది, దీని తరువాత ఎవరు ఏం మార్చారు” అనే వాక్యం ప్రశ్నను పుట్టిస్తుంది.

ఈ గ్రంథాన్ని 1974లో డొనాల్డ్ హిల్ ఇంగ్లీషులోకి అనువదించాడు. ఫువాద్ సెజ్గిన్ (1924–2018) మరో మెట్టు ఎక్కాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1982లో స్థాపించిన సంస్థలో పాత గ్రంథాల వర్ణనలను బట్టి వందలకొద్దీ పరికరాలను మళ్లీ తయారు చేయించాడు. 2008లో ఇస్తాంబుల్‌లోని గుల్‌హానే ఉద్యానవనంలో ఇటువంటి నమూనాలతోనే ఒక మ్యూజియం తెరిచారు. చదివినదానిని చేతితో చేసి చూస్తే తప్ప యంత్రం అర్థం కాదన్నది ఆ కృషిలోని సారం.

ఈ పనికి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పోనక్కరలేదు. ప్రయాణానికి రెండు వారాల ముందు ఏ ఆశ్రమ పాఠశాలలోనైనా ఒక పలుచని లోహపు గిన్నె, ఒక సన్న మేకు, ఒక బకెట్టు నీరు ఉంటే చాలు. రంధ్రం చేసి, గిన్నెను నీటిమీద వదిలి, చేతి గడియారంతో సరిచూడాలి. తొందరగా మునిగితే మైనంతో రంధ్రాన్ని కొంత పూడ్చాలి. ఆలస్యమైతే పెద్దది చేయాలి. బళ్లో ఒక పీరియడు దాదాపు రెండు గడియలని వాళ్లే లెక్కకట్టుకుంటారు. గిన్నెతో ఇలా కుస్తీ పట్టిన పిల్లవాడు సాలార్ జంగ్ గడియారం ముందు చప్పట్లతో సరిపెట్టుకోడు. లోపల గిన్నె లేకపోతే మరేముంది, బొమ్మను కదిలించేది ఏది అని అడుగుతాడు.

రెండవది నీరు. ఖమ్మంలో కోట దగ్గర జాఫర్ బావి అనే మెట్ల బావి ఉంది. 18వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని పాలించిన జఫరుద్దౌలా పేరు మీద దానికి ఆ పేరు నిలిచింది. భద్రాచలం వైపు నుంచి వచ్చే బృందం దారిలో అక్కడ ఆగడం మంచిది. మెట్ల బావిలో మనిషే నీటి దగ్గరికి దిగుతాడు. ఏతం, మోట వచ్చినప్పుడు నీరే మనిషి దగ్గరికి ఎక్కుతుంది. తోలు బానను ఎడ్లతో లాగించే మోటను చూసిన తాతలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారిని అడిగి రాసుకు రావడం పిల్లల పని.

అక్కడి నుంచి గోల్కొండ. భద్రాచలం పిల్లలకు గోల్కొండ కొత్త పేరు కాదు. తానాషా కాలంలో (1672–1687) కంచెర్ల గోపన్న ఖైదులో ఉన్న చోటుగా అది వారికి చిన్ననాటి నుంచీ తెలుసు. రామదాసు చెరసాల చూడాలని బయలుదేరిన పిల్లలకు ఆ కోటలోనే మరో కథ ఎదురవుతుంది. కింది జలాశయాల నుంచి కొండమీది బాలా హిస్సారు దాకా నీటిని ఒకేసారి ఎక్కించలేరు. కనుక అంచెలంచెలుగా తొట్లు కట్టి, కుండల వరుస గల చక్రాలతో ఒక తొట్టి నుంచి మరో తొట్టికి తోడి, మట్టి గొట్టాల ద్వారా మళ్లించారు. ఈ చక్రాన్ని అరబ్బులు సాఖియా అన్నారు. ఇంగ్లీషువారు పర్షియన్ చక్రమన్నారు. అల్ జజరీ గ్రంథంలో నీటిని ఎత్తే యంత్రాలు అయిదు. వాటిలో ఒకటి రెండు గొట్టాలలో ముషలకాలు ఎదురెదురుగా కదులుతూ నీటిని పీల్చి పైకి తోసే పంపు. బడి ఆవరణలోని బోరింగు కూడా ముషలకం, కవాటాల సాయంతోనే పనిచేస్తుంది. బోరింగు కొట్టే చేతికి ఆ సంగతి తెలియాలి.

మూడవది ఉక్కు. ఆయుధాల గదిలో అలలవంటి గీతలున్న కత్తులను దమస్కస్ ఉక్కు కత్తులని చూపుతారు. దమస్కస్ పేరు వినగానే అది సిరియా సొత్తని పిల్లలు అనుకుంటారు. కాని 9వ శతాబ్దపు అల్ కిందీ కత్తులపై రాసిన గ్రంథం నుంచి 12వ శతాబ్దపు అల్ ఇద్రీసీ భూగోళం వరకు హిందూ దేశపు ఉక్కు ప్రసక్తి కనిపిస్తుంది. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం అటువంటి ఉక్కుకు పేరుపొందింది. 19వ శతాబ్దపు తొలి భాగంలో హెన్రీ వాయిసే అక్కడి పనిని చూసి వర్ణించాడు. ఆ ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని రాశాడు. ఇనుమును మూసలో పెట్టి, మట్టితో మూత బిగించి, బొగ్గుల కొలిమిలో చాలా గంటలు కాచి, మెల్లగా చల్లార్చడం ఆ పనిలో కీలకం. ఐరోపావారు దీన్ని వూట్జ్ అన్నారు. అది మన ‘ఉక్కు’ మాటకు వికృతి అని పండితుల అభిప్రాయం. మైకేల్ ఫారడే వంటివాడు కూడా ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. కోనసముద్రం కమ్మరి పేరు ఏ కత్తిమీదా లేదు. తన ఊరి కొలిమి దగ్గర తిత్తి ఊదడం చూసి వచ్చిన పిల్లవాడే ఆ లోటును పూరించగలడు.

మ్యూజియాల్లో గెలిచినవే కనిపిస్తాయి. ఓడినవాటిని చూడాలంటే బయటికి రావాలి. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర గోదావరిపై 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట ఉంది. నదిమీద పడవలను ఎగువకు నడపాలన్న ఆర్థర్ కాటన్ ప్రణాళికలో అది ఒక భాగం. ఖర్చు పెరిగి, ఆశించిన ఫలితం కానరాక 1871లో ఆ పనులను నిలిపివేశారు. ఎంతో తెలివి, ఎంతో శ్రమ పెట్టినా పని నిలిచిపోవచ్చునని ఆ రాళ్లు చెబుతాయి. ఆవిష్కరణల పాఠం ఇది లేకుండా పూర్తి కాదు.

తిరిగి వచ్చాక ప్రతి పిల్లవాడూ నోటు పుస్తకంలో మూడు గడులు పూరించాలి: చూసిన వస్తువు, దానికి ముందున్న వస్తువు, తన ఊళ్లో దానికి చుట్టమైన పనిముట్టు. మూడవ గడిలో కోయ మాటలు వస్తే వాటిని అలాగే ఉంచాలి. పుస్తక భాషలోకి మార్చనక్కరలేదు. వెదురుతో చేపల బుట్ట అల్లే చేతిలో ఉన్న లెక్క కూడా లెక్కేనని ఆ గడి ఒప్పుకుంటుంది. భద్రాచలం ఐటీడీఏలోని గిరిజన మ్యూజియాన్ని ఈ గడి నిండిన తరువాత చూపించడం మేలు. అప్పుడు అక్కడి వస్తువులు పిల్లలకు పాతకాలపు గుర్తులుగా కాక, హైదరాబాదులో చూసిన యంత్రాలకు దగ్గరి బంధువులుగా కనిపిస్తాయి. ఆ బంధుత్వం తెలిసిన పిల్లవాడు తరువాతి సవరణ తన చేతి మీదుగా కూడా జరగవచ్చునని నమ్మగలడు. ఒక బస్సు ఖర్చుకు దక్కదగిన ఫలితం అదే.