గంబూసియా

గంబూసియా ఒక చిన్న మంచినీటి చేప. దోమల పిల్లపురుగులను (లార్వాలను) తింటుంది కనుక దీనిని దోమ చేప అని కూడా అంటారు. శాస్త్రీయ నామం గంబూసియా అఫినిస్. దీనికి అతి దగ్గరి పోలికలున్న మరొక జాతి గంబూసియా హోల్‌బ్రూకి. వీటి జన్మస్థానం అమెరికా ఆగ్నేయ ప్రాంతం, మెక్సికో. నెమ్మదిగా పారే నదులు, చెరువులు, కుంటలు వీటికి అనుకూలమైన తావులు. క్యూబాలో 'ఏమీ లేదు' అనే అర్థంలో వాడే ఒక మాట నుండి ఈ పేరు వచ్చింది.

లక్షణాలు

శరీరం బూడిద రంగులో ఉంటుంది. ఆడచేప సుమారు 6 సెంటీమీటర్లు, మగచేప 4 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. నోరు పైకి తిరిగి ఉండడం వలన నీటి ఉపరితలం మీది ఆహారాన్ని సులభంగా అందుకొంటుంది. దోమ లార్వాలు గాలి కోసం చేరేది అక్కడికే. ఇది అండశిశూత్పాదక జీవి, అనగా గుడ్లు తల్లి కడుపులోనే పొదగబడి పిల్లలు బయటకు వస్తాయి. గర్భధారణ కాలం 3 నుండి 4 వారాలు. ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీటిలోనూ, కొంత కలుషితమైన నీటిలోనూ బ్రతుకగలదు.

మలేరియా నివారణ

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఇందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మలేరియాను అరికట్టాలంటే దోమను అరికట్టాలని తేలడంతో అనేక దేశాలు ఈ చేపను దిగుమతి చేసుకొన్నాయి. భారతదేశానికి ఇది 1928లో ఇటలీ నుండి వచ్చింది. హైదరాబాదు నగరపాలక సంస్థ దోమల నివారణకు చెరువులలో, కుంటలలో వీటిని వదులుతూ వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు కోటి చేపలను జలాశయాలలో విడిచింది.

అభ్యంతరాలు

గంబూసియా దోమ లార్వాలను మాత్రమే తినదు. ఇతర చేపల గుడ్లను, కప్ప పిల్లలను, నీటిలోని సూక్ష్మజీవులను కూడా తింటుంది. ఆస్ట్రేలియాలో కొన్ని స్థానిక చేపల క్షీణతకు ఇది కారణమైంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దీనికి స్థానం ఉంది. భారత జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కూడా దీనిని చొరబాటు జాతిగా గుర్తించింది.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువగా కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. అక్కడ ఈ చేప ఉపయోగపడదు. నిలువ నీటిని పారబోయడమే మార్గం. చెరువుల విషయంలో లార్వాలను తినే అప్లోకైలస్ వంటి స్వదేశీ చేపలను వాడవచ్చని నిపుణులు సూచిస్తారు.

ఇవి కూడా చూడండి

దోమ
మలేరియా
రోనాల్డ్ రాస్