అధివృక్క గ్రంథులు

రెండు మూత్రపిండాల పైభాగాన టోపీల్లా అమరి ఉండే చిన్న గ్రంథులు ఇవి. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువుంటుంది. పైకి ఒకే అవయవంగా కనిపించినా లోపల ఉన్నవి నిజానికి రెండు గ్రంథులు. నడిమి భాగమైన దవ్వ నాడీ కణజాలం నుంచి పుట్టింది. దాన్ని చుట్టి ఉన్న వల్కలం పుట్టుక వేరు. దవ్వ పని క్షణాల్లో మొదలై నిమిషాల్లో ముగుస్తుంది. వల్కలం పని గంటలు, రోజులు సాగుతుంది.

ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త బార్తొలొమియో యూస్టాకి 1563లో వీటిని వర్ణించినా, ఇవి ఎందుకున్నాయో మూడు శతాబ్దాల దాకా ఎవరికీ తెలియలేదు. లండన్ వైద్యుడు థామస్ అడిసన్ 1855లో 11 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. అంతులేని నీరసం, చర్మం నల్లబారడం, చివరకు మరణం. ఈ గ్రంథులు చెడిపోవడమే మూలమని ఆయన గుర్తించాడు. వాటిని నాశనం చేసే వ్యాధుల్లో క్షయ ముఖ్యమైనది. భారతదేశంలో అడిసన్ వ్యాధికి నేటికీ అది ఒక పెద్ద కారణం. అడిసన్ ప్రచురణకు మరుసటి ఏడాదే శాస్త్రవేత్త బ్రౌన్-సెకార్డ్ రెండు గ్రంథులూ తీసేసిన జంతువులు బతకవని చూపాడు.

ప్రాణం నిలిపేది వల్కలమే అయినా, కీర్తి ముందుగా దవ్వకే దక్కింది. ఆలివర్, షేఫర్‌లు 1894లో గ్రంథి సారం రక్తపోటును ఒక్కసారిగా పెంచుతుందని కనుగొన్నారు. 1901 నాటికి జోకిచి తకమినె దాని నుంచి అడ్రినలిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. శుద్ధ రూపంలో చేతికందిన తొలి హార్మోన్ అదే. అది పనిచేసే తీరులో తెలుగువారికి ఆప్తమైన పేరొకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో హార్వర్డ్‌లో కండరాల నుంచి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని విడిగా కనుగొన్నాడు. అడ్రినలిన్ కాలేయ కణాన్ని తాకినప్పుడు ఆ ఏటీపీ నుంచే సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది. దాని ప్రేరణతో నిల్వ ఉన్న గ్లైకోజెన్ విడిపోయి గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. హార్మోన్ల పనితీరుపై ఈ పరిశోధనకు ఎర్ల్ సదర్‌లాండ్ 1971లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

వల్కలపు హార్మోన్లను వేరుచేయడం కష్టమైంది. కెండాల్, రైక్‌స్టైన్‌లు 1930ల్లో కార్టిసోన్ దాకా వచ్చారు. 1948లో హెంచ్ దాన్ని కీళ్లవాతం రోగికి ఇచ్చాడు. ముగ్గురికీ 1950లో నోబెల్ వచ్చింది. ఉప్పును కాపాడే ఆల్డోస్టిరోన్ 1953లో బయటపడింది. వల్కలపు మరో హార్మోన్ కార్టిసాల్ స్రావాన్ని పీయూష గ్రంథి నడుపుతుంది. ఆల్డోస్టిరోన్ మాత్రం ప్రధానంగా మూత్రపిండాల నుంచి వచ్చే సంకేతాలను, రక్తంలోని పొటాషియాన్ని అనుసరిస్తుంది.

ఈ రెండు భాగాల పనినీ అండమాన్ నికోబార్ దీవుల సునామీ అనుభవం ద్వారా అర్థం చేసుకోవచ్చు. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా తీరాన భూమి కంపించింది. కొద్దిసేపటికే కార్ నికోబార్ వంటి దీవులను సునామీ ముంచెత్తింది. ఎత్తైన చోటికి పరుగెత్తే మనిషిలో గుండె వేగం, కండరాలకు రక్తం, గ్లూకోజ్ పెరగడం అడ్రినలిన్, నాడీవ్యవస్థల పని. బావుల్లో ఉప్పునీరు చేరి తాగునీరు కరవైన చోట, ఉక్కపోతలో చెమటతో ఉప్పు పోతున్నప్పుడు, మూత్రంలోనూ అది పోకుండా ఆల్డోస్టిరోన్ మూత్రపిండాల్లో పట్టి ఉంచుతుంది. ఆపైన శిబిరాల్లో గడిచే కాలం కార్టిసాల్‌ది. బతికిబయటపడ్డ వారి మానసిక వేదనను బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఆ దీవుల శిబిరాల్లో పరిశీలించి, సాయపడ్డారు. ఒత్తిడి తగ్గకుండా సాగితే కార్టిసాల్ నియంత్రణే గాడి తప్పవచ్చు. నిద్ర, రోగనిరోధక శక్తి, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి.

అడిసన్ వ్యాధి ఉన్నవారికీ, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికీ అలాంటి విపత్తు రోజుల్లో ప్రమాదం ఎక్కువ. మందు అందకపోతే, గాయమో జ్వరమో తోడైతే రక్తపోటు పడిపోయి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు ఆలస్యం లేకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ ఇవ్వాలి. పెద్దాసుపత్రికి చేరాలంటే ఓడో హెలికాప్టరో ఎక్కాల్సిన దీవుల్లో, ఆ మందు దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే నిల్వ ఉండటం అత్యవసరం.