జెనీవా పాత పట్టణం: సంస్కరణ కట్టడాల సాక్ష్యము

ఉపోద్ఘాతం

సంఘ చరిత్రను మనం ఎక్కువగా విశ్వాస ప్రమాణాల నుండి, దైవజనుల రచనల నుండి నేర్చుకుంటాము. ఒక సంఘము కట్టిన గోడలు, ఆ గోడల మధ్య అది చేసిన మార్పులు కూడా చరిత్రకు ఆధారాలే. లేమాన్ సరస్సు నుండి రోన్ నది బయలుదేరే చోట, ఎడమ ఒడ్డున ఉన్న కొండ మీద జెనీవా పాత పట్టణం ఉంది. కాల్విన్ సిద్ధాంతాన్ని మన వేదాంత విద్యార్థులు శ్రద్ధగా చదువుతారు. ఆయన బోధించిన ఈ పేట కట్టడాలను మాత్రం అంతగా పరిశీలించరు. ఇక్కడి సంఘము తన మందిరం నుండి ఏమి తీసివేసింది? ఎవరికి చోటిచ్చింది? తన కోసం ఏమి కట్టుకుంది? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

1. తీసివేసినది

కొండ శిఖరాన ఉన్న సెయింట్ పియేర్ కెథడ్రల్ నిర్మాణం 1160 ప్రాంతంలో మొదలై అనేక దశాబ్దాలు సాగింది. 1976లో దాని అడుగున ప్రారంభమైన తవ్వకాలలో నాలుగవ శతాబ్దపు చివరినాటి క్రైస్తవ కట్టడాలు, బాప్తిస్మపు తొట్టి ఉన్న గది, బిషప్పు సభామందిరపు రంగురాళ్ల నేల బయటపడ్డాయి. అంటే సంస్కర్తలు ప్రసంగించిన స్థలంలో వారికి పదకొండు శతాబ్దాలకు పూర్వమే ఆరాధన జరిగింది.

1535 ఆగస్టు 8న విలియం ఫారెల్ ఈ మందిరములో ప్రసంగించారు. ఆ వెంటనే జనులు విగ్రహాలను పడగొట్టారు. రెండు రోజులకు పట్టణ సభ మాస్ ఆరాధనను నిలిపివేసింది. 1536 మే 21న పౌరులు ఇక్కడే సమావేశమై వాక్యానుసారముగా జీవిస్తామని ప్రమాణం చేశారు. కాల్విన్ జెనీవాకు వచ్చింది ఆ తరువాతనే.

అయితే మందిరమును కూల్చలేదు. బలిపీఠాలు పోయాయి, స్తంభ శీర్షాల మీద చెక్కిన బైబిలు దృశ్యాలు, గర్భభాగపు రంగు అద్దాలు మిగిలాయి. పక్కనే 15వ శతాబ్దపు ఆరంభంలో ఒక కార్డినల్ కట్టించిన మక్కబీయుల చాపెల్ సంస్కరణ తరువాత గోదాము అయింది. ఆరాధన బలిపీఠము చుట్టూ కాక ప్రసంగ వేదిక చుట్టూ జరగాలన్న సిద్ధాంతం భవనం లోపలి అమరికనే మార్చివేసింది.

2. చోటిచ్చినది

సంస్కరణ ఫలాన్ని కెథడ్రల్‌లో కన్నా చుట్టూ ఉన్న వీధులలో ఎక్కువ స్పష్టంగా చూడవచ్చునని మా అభిప్రాయం. 1540ల నుండి ఫ్రాన్సు, ఇటలీ దేశాల నుండి, తరువాత ఇంగ్లండు నుండి హింసకు గురైన విశ్వాసులు జెనీవాకు తరలివచ్చారు. సుమారు పదివేలుగా ఉన్న జనాభా 1560 నాటికి దాదాపు రెట్టింపు అయింది. రక్షణ కోసం ప్రాకారము వెలుపలి పేటలను 1530లలోనే పడగొట్టారు గనుక పట్టణం బయటికి పెరిగే వీలు లేదు. కాబట్టి అది పైకి పెరిగింది. ఉన్న ఇళ్ల మీదనే అంతస్తులు లేచాయి. 1685లో పద్నాలుగవ లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేసినప్పుడు హ్యూగనాట్ శరణార్థులు వచ్చారు. ఇళ్లు మరల ఎత్తు పెరిగాయి. పాత పట్టణపు ఇరుకు వీధులలో నేటికీ కనిపించే ఎత్తైన ఇళ్లకు ఇది ఒక ముఖ్య కారణం. హెబ్రీ పత్రిక 13:2లోని ఆతిథ్యపు ఆజ్ఞ ఇక్కడ రాతిలోనూ కర్రలోనూ కనిపిస్తుంది.

కెథడ్రల్ పక్కన ఉన్న ఆడిటోరియం అనే చిన్న మందిరములో కాల్విన్ పాఠాలు చెప్పారు. అక్కడే ఇంగ్లీషు శరణార్థులు జాన్ నాక్స్ కాపరిగా తమ భాషలో ఆరాధించుకున్నారు. వారు తయారుచేసిన జెనీవా బైబిలు 1560లో వెలువడింది. పారిస్ నుండి వచ్చిన ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో ఇక్కడ అచ్చువేసిన గ్రీకు క్రొత్త నిబంధనలో తొలిసారి నేటి వచన సంఖ్యలు వేశాడు. మన తెలుగు క్రొత్త నిబంధనలో మనం చూపించే వచన సంఖ్యలు ఆ శరణార్థి పనికి వారసత్వమే.

దీనితోపాటు మరొకటి చెప్పక తప్పదు. 1553 అక్టోబరు 27న ప్రాకారము వెలుపల షాంపెల్ వద్ద మైఖేల్ సెర్వేటసును సజీవ దహనం చేశారు. 1903లో కాల్విన్ అనుచరులే ఆ తప్పును ఒప్పుకొంటూ అక్కడ ఒక శిలను నిలిపారు. శరణార్థులకు తలుపు తీసిన పట్టణమే భిన్న బోధకు దానిని మూసివేసింది.

3. తన కోసం కట్టుకున్నది

1752-56 మధ్య, శిథిలమైన కెథడ్రల్ ముఖభాగాన్ని తీసివేసి కొరింథీ స్తంభాలతో కొత్త ముఖమండపం కట్టారు. లోపల గోతిక్ కమానులు, బయట గ్రీకు దేవాలయాన్ని పోలిన ద్వారము. కాలానికి తగిన గౌరవాన్ని సంఘము కోరుకున్నదనడానికి ఇది గుర్తు.

కొండ దిగువన, పాత ప్రాకారాన్ని ఆనుకొని, సంస్కర్తల గోడ ఉంది. కాల్విన్ నాలుగు వందల జయంతి సందర్భంగా 1909లో పునాది వేసి 1917లో పూర్తిచేశారు. సుమారు వంద మీటర్ల పొడవైన ఆ గోడ మధ్యలో ఫారెల్, కాల్విన్, బేజా, నాక్స్ విగ్రహాలు ఐదు మీటర్ల ఎత్తున నిలిచాయి. విగ్రహాలను దించిన సంస్కర్తలను వారి వారసులే విగ్రహాలుగా నిలిపారు. వాటిని ఎవరూ ఆరాధించరన్నది నిజమే. అయినా 1564 మే 27న మరణించిన కాల్విన్ తన సమాధి మీద గుర్తు ఉండరాదని కోరారు, అలాగే జరిగింది. మోషే సమాధి ఎవరికీ తెలియదని ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయం చెబుతున్నది గదా.

ముగింపు

మన సంఘాలు నేడు విస్తారంగా మందిరాలు కడుతున్నాయి. పాత మందిరాలను పడగొట్టి పెద్దవి లేపుతున్నాము. దాతల పేర్లు, కాపరుల పేర్లు శిలాఫలకాల మీద చెక్కుతున్నాము. కృతజ్ఞత తప్పు కాదు. కాని ఒక తరము తరువాత ఆ గోడలను చదివేవారు అందులో ఎవరిని చూస్తారు? జెనీవాలో విగ్రహాల గోడను చూడటానికి యాత్రికులు వస్తారు. సువార్తను ఎక్కువగా చెప్పేవి మాత్రం ఎవరి పేరూ లేకుండా శరణార్థుల కోసం లేచిన పై అంతస్తులే. కట్టడ కమిటీలో కూర్చునే ప్రతి కాపరి నమూనా మీద సంతకం చేసే ముందు, ఇందులో పరదేశికి చోటు ఎక్కడ అని అడగడం మంచిది.