అంబులెన్సులో మందులు: ఈఎంటీల ఔషధ వినియోగ చరిత్ర

ఆసుపత్రి చేరేలోగా, పక్కన డాక్టరు లేనప్పుడు, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియనే రోగికి మందు ఇచ్చే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో స్థిరపడింది. వాడుకలో ఈఎంటీ అనే ఈ ఉద్యోగికి ఎంబీబీఎస్ ఉండనక్కరలేదు. అయినా ఏ మందు, ఎంత మోతాదు, ఏ మార్గాన, ఎవరి అనుమతితో అన్న నాలుగు ప్రశ్నలకు కదిలే బండిలో, నిమిషాల వ్యవధిలో జవాబు తేల్చుకోవాలి. మొదటి మూడింటినీ చాలావరకు ఔషధశాస్త్రం తేల్చిపెట్టింది. నాలుగోదానికి చట్టసభలు, వైద్యులు, రేడియో సెట్లు కలిసిరావలసి వచ్చింది. ఈ రంగంలో పెద్ద మలుపులన్నీ ఆ నాలుగో ప్రశ్న దగ్గరే కనిపిస్తాయి.

సూదిమందు నుంచి యుద్ధరంగం దాకా

1844లో డబ్లిన్ వైద్యుడు ఫ్రాన్సిస్ రిండ్ బోలు సూదితో చర్మం కిందికి మందు పంపాడు. 1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లో చార్లెస్ ప్రావాజ్ ఎవరికి వారుగా సిరంజిని రూపొందించారు. నోటితో మింగిన నల్లమందు కడుపు దాటి రక్తంలో కలిసేదాకా ఓర్చుకోవలసిన రోగికి, సూదితో ఇచ్చిన మార్ఫిన్ నిమిషాల్లో ఉపశమనం ఇవ్వసాగింది. గుండెనొప్పి మందుల కథ కూడా ఆ శతాబ్దానిదే. 1867లో లాడర్ బ్రంటన్ అమైల్ నైట్రైట్ ఆవిరి పీల్పించి ఫలితం చూపాడు; 1879లో విలియం మరెల్ నైట్రోగ్లిసరిన్‌ను అదే జబ్బుకు వాడాడు. మింగితే నైట్రోగ్లిసరిన్‌లో అధికభాగాన్ని కాలేయమే నిర్వీర్యం చేస్తుంది. నాలుక కింద పెడితే అక్కడి సన్నని రక్తనాళాల గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. ఈఎంటీ శిక్షణలో మందు మార్గాల గురించి చెప్పేటప్పుడు ఈనాటికీ వాడే ఉదాహరణ ఇదే.

వైద్యపట్టా లేని మనిషి చేతికి బలమైన మందు పెద్దఎత్తున అందింది రెండో ప్రపంచయుద్ధంలో. అమెరికా సైన్యంలోని మెడిక్‌లు సిరెట్ అనే చిన్న మెత్తని గొట్టాలను వెంట ఉంచుకునేవారు. ఒక్కోదానిలో అర గ్రెయిను, అంటే సుమారు 30 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఉండేది. వాడేసిన గొట్టాన్ని గాయపడిన సైనికుడి కాలరుకు గుచ్చిపెట్టేవారు, తర్వాత చూసేవారు మళ్ళీ ఇవ్వకుండా. అయినా ప్రమాదాలు జరిగాయి. రక్తం కోల్పోయి చలికి వణుకుతున్న మనిషిలో చర్మానికి రక్తప్రసరణ తగ్గిపోతుంది. అక్కడ పొడిచిన మార్ఫిన్ అక్కడే నిలిచిపోతుంది. నొప్పి తగ్గలేదని మరో మోతాదు ఇస్తారు. ఆసుపత్రిలో ఒంటికి వెచ్చదనం, రక్తం అందగానే నిలిచిన మందంతా ఒక్కసారిగా రక్తంలో కలిసి శ్వాసను అణచివేస్తుంది. అమెరికన్ మత్తువైద్యుడు హెన్రీ బీచర్ యుద్ధకాలంలోనే ఈ సంగతిని వివరించాడు. షాక్‌లో ఉన్న రోగికి చర్మం కింద ఇంజక్షన్ మీద ఆధారపడకూడదన్న నియమానికి ఇంతటి చేదు అనుభవం పునాది.

బెల్‌ఫాస్ట్, పిట్స్‌బర్గ్

గుండెపోటుతో మరణించేవారిలో ఎక్కువమంది ఆసుపత్రి చేరకముందే, తొలి గంటల్లోనే పోతున్నారని బెల్‌ఫాస్ట్ రాయల్ విక్టోరియా ఆసుపత్రి హృద్రోగ నిపుణుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ గ్రహించాడు. 1966 జనవరిలో ఆయన బృందం కారు బ్యాటరీలతో పనిచేసే డీఫిబ్రిలేటర్‌ను, గుండె మందులను అంబులెన్సులోకి ఎక్కించింది. ఆ యంత్రం బరువు సుమారు 70 కిలోలు. బండిలో డాక్టరు, నర్సు కూడా వెళ్ళేవారు. జాన్ గెడ్డెస్‌తో కలిసి పాంట్రిడ్జ్ 1967లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితాలు చూసి పలు దేశాలవారు ఈ ప్రయోగాన్ని అందుకున్నారు. ప్రతి బండికీ ఒక డాక్టరును ఎక్కడ తెస్తామన్న ప్రశ్న అప్పుడే ఎదురైంది.

దానికి అమెరికా చెప్పిన జవాబుల్లో మరిచిపోకూడనిది పిట్స్‌బర్గ్ నగరానిది. అప్పటికి అమెరికాలో దాదాపు సగం అంబులెన్సులను శవసంస్కార సంస్థలే నడిపేవి. పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి వారి దగ్గర ఉండటమే అందుకు కారణం. ప్రమాద మరణాలు నిర్లక్ష్యానికి గురైన జబ్బుగా మారాయని అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ 1966లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే కృత్రిమ శ్వాస పరిశోధనలకు పేరొందిన డాక్టర్ పీటర్ సఫార్ కూతురు ఆస్తమా తీవ్రమై మరణించింది. పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువతీయువకులను ఎంపిక చేసి, సఫార్ రూపొందించిన సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చి ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీసును 1967లో ఏర్పాటు చేశారు. చదువు మధ్యలో ఆపేసినవారు కూడా వారిలో ఉన్నారు. వారే గొట్టం వేసి శ్వాసమార్గం తెరిచారు, సెలైన్ ఎక్కించారు, గుండె మందులు ఇచ్చారు. తర్వాత వైద్య సంచాలకురాలిగా వచ్చిన డాక్టర్ నాన్సీ కరోలైన్ వారితోపాటు బండెక్కి తిరుగుతూ బోధించారు. ఆ అనుభవంలోంచి పుట్టిన ఆమె పాఠ్యపుస్తకం పారామెడిక్ అనే పైస్థాయి ఈఎంటీల విద్యకు దశాబ్దాలపాటు ఆధారమైంది. 1975లో నగరపాలక సంస్థ సేవను తన చేతిలోకి తీసుకున్నాక, ఈ తొలితరం సిబ్బందిలో చాలామంది బయటికి వెళ్ళిపోవలసి వచ్చింది. ఈ వృత్తి వారికి పడ్డ బాకీ ఇంకా తీరలేదు.

చట్టం వైపు నుంచి కాలిఫోర్నియా దారి తీసింది. గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకంతో 1970లో వచ్చిన వెడ్‌వర్త్–టౌన్‌సెండ్ చట్టం, ఆసుపత్రిలోని డాక్టరో నర్సో రేడియోలో చెబుతుంటే పారామెడిక్ మందులు ఇవ్వవచ్చని అనుమతించింది. మయామీలో యూజీన్ నేగెల్ అప్పటికే రోగి ఈసీజీని రేడియో ద్వారా ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేసి ఉన్నాడు. ఫోనులోనో రేడియోలోనో అప్పటికప్పుడు తీసుకునే ఆదేశం, ముందే రాసిపెట్టిన స్థాయీ ఆదేశం అనే రెండు రకాల అనుమతులూ ఈ దశలోనే ఏర్పడ్డాయి.

ప్రాథమిక ఈఎంటీకి మందుపెట్టె

పారామెడిక్‌కు దక్కిన ఈ స్వేచ్ఛ ప్రాథమిక స్థాయి ఈఎంటీకి చాలాకాలం రాలేదు. ఆక్సిజన్ ఒక్కటే వారి ప్రధాన ఔషధం. 1994లో అమెరికా జాతీయ పాఠ్యప్రణాళిక మందులను రెండు తరగతులు చేసింది. ఆక్సిజన్, నోటిద్వారా ఇచ్చే గ్లూకోజు, విషం మింగినవారికి ఉత్తేజిత బొగ్గు బండిలోనే ఉండేవి. నైట్రోగ్లిసరిన్, ఆయాసానికి ఇన్‌హేలర్, అలర్జీకి ఎపినెఫ్రిన్ ఆటో ఇంజెక్టర్ మాత్రం రోగికి ముందే డాక్టరు రాసి ఉంటే, రోగి దగ్గరున్న మందునే వాడుకోవడానికి ఈఎంటీ సాయపడేవారు. పైకి కొంత మొండిగా కనిపించినా ఈ విభజనలో వివేకం ఉంది. రోగ నిర్ధారణ భారాన్ని అది టెక్నీషియన్ మీద వేయలేదు.

సాయం చేయడమంటే అందించి ఊరుకోవడం కాదు. నైట్రోగ్లిసరిన్ రక్తనాళాలను సడలిస్తుంది కాబట్టి ముందు బీపీ చూడాలి. పై అంకె 100కు తక్కువుంటే ఇవ్వకూడదన్నది ఆనాటి నియమం. 1998లో సిల్డెనాఫిల్ మార్కెట్లోకి వచ్చాక మరో ప్రశ్న తప్పనిసరైంది. వయాగ్రా వంటి మాత్ర ఈ ఒకటి రెండు రోజుల్లో వేసుకున్నారా అని అడగాలి. రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయకరంగా పడిపోవచ్చు. ఇంటివాళ్ళ ముందు అడగడానికి ఇబ్బందిపడే ప్రశ్న ఇది, అయినా అడిగి తీరాలి. ఇక గుండెపోటుకు ఆస్పిరిన్ పనిచేస్తుందా అన్న సందేహాన్ని 1988 నాటి ఐసిస్–2 పరిశోధన తీర్చింది. 17,187 మంది గుండెపోటు రోగుల్లో, ఆస్పిరిన్ ఇచ్చినవారిలో గుండె, రక్తనాళ సంబంధ మరణాలు దాదాపు 23 శాతం తగ్గాయి. మాత్రను మింగడంకంటే నమిలితే త్వరగా పనిచేస్తుందని ఈఎంటీలకు నేర్పుతారు.

ఆటో ఇంజెక్టర్ యుద్ధభయం నుంచి పుట్టింది. నాడీవిషవాయువు దాడి జరిగితే సైనికుడు తన తొడకు తానే పొడుచుకునేలా అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ నింపిన పరికరాలు తయారుచేశారు. అదే పద్ధతిలో ఎపినెఫ్రిన్ నింపిన ఎపిపెన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. పెద్దలకు 0.3, పిల్లలకు 0.15 మిల్లీగ్రాములు ముందే కొలిచి ఉంటాయి. ఎపినెఫ్రిన్ విషయంలో ఈ కొలత ఎంతో ముఖ్యం. తీవ్రమైన అలర్జీకి తొడ కండరంలో ఇచ్చే ద్రావణం గాఢత మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము. గుండె ఆగినప్పుడు నరంలోకి ఇచ్చేది అందులో పదో వంతు. సీసాల మీద ఈ గాఢతలను 1:1000, 1:10,000 అని ముద్రించేవారు. హడావిడిలో ఒక సున్నా కంటపడకపోతే మోతాదు పదింతలవుతుంది. 2016లో అమెరికా ఈ నిష్పత్తుల ముద్రణను మాన్పించి, మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయించింది. ఇంత చిన్న మార్పుకు అంత ఆలస్యం జరగకూడదు.

అదే ఏడాదికి రెండు ఎపిపెన్‌ల పెట్టె ధర 600 డాలర్లు దాటింది. అంతకుముందే, 2014లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ తన ఈఎంటీలకు సీసాలోంచి సిరంజిలోకి మందు తీసి ఇచ్చే శిక్షణ మొదలుపెట్టింది. అప్పటిదాకా నిషిద్ధమైన ఆ పని ప్రాథమిక స్థాయివారికి ధర కారణంగా అందింది. రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం, నమోదు అన్న ఆరింటినీ సరిచూసుకునే పాఠానికి అక్కడ నిజమైన పరీక్ష ఎదురైంది.

మార్గాలు మారడం

నరం దొరకని రోగికి ఎముక మజ్జలోకి సూది వేసే పద్ధతి 1940లలో ఉండి మరుగునపడింది. కలరా సోకి ఒంట్లో నీరంతా పోయిన పిల్లలకు భారతదేశంలో ఇలా ద్రవాలు ఎక్కించడం చూసిన అమెరికన్ పిల్లల వైద్యుడు జేమ్స్ ఓర్లోవ్‌స్కీ 1984లో దాని గురించి రాశాక, అది అమెరికా అత్యవసర వైద్యంలోకి తిరిగి వచ్చింది. ఫిట్స్ ఆగని రోగికి కదులుతున్న చేతిలో నరం వెతకడం కంటే కండరంలో మిడజోలమ్ ఇవ్వడం మేలని 2012లో రాంపార్ట్ పరిశోధన చూపింది. ఆసుపత్రి చేరేసరికి ఫిట్స్ ఆగినవారు 73 శాతం. నరంలోకి లొరాజెపమ్ ఇచ్చినవారిలో 63 శాతం. మత్తుమందుల మోతాదు మించి శ్వాస ఆగుతున్నవారికి విరుగుడైన నలోక్సోన్ 1971లో ఇంజక్షన్‌గా వచ్చి, 2015లో ముక్కులో కొట్టే స్ప్రేగా మారి, 2023లో అమెరికాలో చీటీ లేకుండా అమ్మకానికి అనుమతి పొందింది. పారామెడిక్ మందు సామాన్యుడి చేతికి చేరడానికి యాభయ్యేళ్ళు పట్టింది.

జాబితా తగ్గడం

అందరికీ ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వాలన్న అలవాటును పరిశోధనలు ప్రశ్నించాయి. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్నవారికి కొలిచి ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయని 2010లో టాస్మానియా అంబులెన్సుల్లో చేసిన అధ్యయనం తేల్చింది. ఆక్సిజన్ స్థాయి సరిగా ఉన్న గుండెపోటు రోగులకు అదనపు ఆక్సిజన్ వల్ల ప్రయోజనం లేదని 2017లో 6,629 మందిపై స్వీడన్ పరిశోధన చూపింది. గుండె ఆగినవారికి ఎపినెఫ్రిన్ సంగతి మరింత కలవరపెట్టేది. బ్రిటన్‌లో 8,014 మందిపై చేసిన పారామెడిక్–2 ఫలితాలు 2018లో వచ్చాయి. ముప్పై రోజులు బతికినవారు మందుతో 3.2 శాతం, ఉత్తుత్తి మందుతో 2.4 శాతం. కానీ బతికినవారిలో తీవ్ర నాడీలోపంతో మిగిలినవారు మొదటి వర్గంలో 31 శాతం, రెండో వర్గంలో 17.8 శాతం. ఎపినెఫ్రిన్ జాబితాలో కొనసాగుతోంది. దానికంటే ముందు ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం ముఖ్యమన్న పాఠం బలపడింది.

తెలుగు నేలపై

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా మొదలైంది. దాన్ని నడిపిన ఈఎంఆర్‌ఐ సంస్థ 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి పారామెడిక్ శిక్షణ ప్రారంభించింది. కాలిఫోర్నియా రేడియో పద్ధతికి ఇక్కడి రూపం కాల్ సెంటర్‌లో కూర్చునే వైద్యుడు: బండిలోని ఈఎంటీ ఫోనులో లక్షణాలు చెప్పి, ఆదేశం తీసుకుని మందు ఇస్తారు. ఇక్కడి కాల్స్‌లో కాన్పులది పెద్ద వాటా కాబట్టి, కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఆపే మందులకు అమెరికా బండ్లలో కంటే ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. జాతీయ అంబులెన్స్ ప్రమాణం ఏఐఎస్–125 బండ్లను ప్రాథమిక, అత్యాధునిక ప్రాణరక్షణ సహా పలు తరగతులుగా విడదీసింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తికి జాతీయస్థాయి గుర్తింపు ఇచ్చింది.

పాశ్చాత్య సైన్యాలు నాడీవాయువు కోసం సిద్ధం చేసుకున్న అట్రోపిన్ తెలుగు పల్లెల్లో పురుగుల మందు తాగినవారికి విరుగుడు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు, సైనిక విషవాయువులు శరీరంలో ఒకే ఎంజైమును స్తంభింపజేస్తాయి. ఊపిరితిత్తులు స్రావాలతో నిండి రోగికి ఊపిరాడదు. సైనికుడి పెట్టెలో జతగా ఉన్న ప్రాలిడాక్సిమ్ ఈ విషాలకు ఎంత మేలు చేస్తుందన్నది ఇంకా వివాదంలోనే ఉంది. అట్రోపిన్ విషయంలో వివాదం లేదు. 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఛాతీలో గురగుర శబ్దం పోయేదాకా ప్రతి ఐదు నిమిషాలకూ మోతాదు రెట్టింపు చేస్తారు. మనకు దొరికే ఆంప్యూల్‌లో ఉండేది సాధారణంగా 0.6 మిల్లీగ్రాములు. 1.8తో మొదలుపెట్టినా మూడు విడతలకే 21 ఆంప్యూళ్ళు అవసరమవుతాయి. అందుకే వ్యవసాయ మండలాల్లో తిరిగే బండికి అట్రోపిన్ నిల్వ లెక్క నగరపు బండి లెక్కతో సమానంగా ఉండకూడదు.