మనిషి బొమ్మ గీయడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? దామెర్ల రామారావు ఇచ్చిన జవాబు

అశోకా రోడ్‌లోని ఆంధ్రా భవన్‌లో భోజనం చేశాక ఒక్కసారి ఇండియా గేట్ మీదుగా జైపూర్ హౌస్ దాకా నడవండి. 1954లో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అక్కడే ఉంది. రెండోసారి ప్రిలిమ్స్ పోయాక నేను స్కెచ్‌బుక్ పట్టుకుని అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఇంజినీరింగ్ డ్రాయింగ్ వచ్చినవాడికి మనిషి బొమ్మ ఎంత పని అనుకున్నాను. తీరా గీస్తే తల పెద్దదైంది, చేతులు మోకాళ్లు దాటాయి. ఆజానుబాహుడు కాదు, అష్టావక్రుడు తయారయ్యాడు!

తప్పు ఎక్కడుంది? కొలవకుండా గీశాను. మనవాళ్లు ఈ కొలతలు ఎప్పుడో రాసి పెట్టారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పురుషులను ఐదు రకాలుగా చెబుతుంది: హంస 108 అంగుళాలు, భద్ర 106, మాలవ్య 104, రుచక 100, శశక 90. ఇది స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మకే చెందిన కొలత. ముఖం 12 అంగుళాలు, అంటే ఒక తాళం. కాబట్టి హంస పురుషుడి ఎత్తు 9 తాళాలు.

బ్రిటిష్ వాళ్లు మద్రాసు (1850), కలకత్తా (1854), బొంబాయి (1857)లలో ఆర్ట్ స్కూళ్లు పెట్టాక మనిషి బొమ్మ నేర్చుకునే దారి మారింది. విద్యార్థులు గ్రీకు శిల్పాల ప్లాస్టర్ నమూనాలు చూసి గీసేవారు. దీన్ని కాదని హావెల్, అవనీంద్రనాథ్ టాగోర్ అజంతా, మొఘల్ చిత్రాల వైపు తిరిగారు. అవనీంద్రనాథ్ 1914లో భారతీయ శరీర నిర్మాణ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశారు.

మనం నోట్స్‌లో 'పాశ్చాత్య అనుకరణ, దానికి జాతీయవాద ప్రతిస్పందన' అని ఒక లైన్ రాసి ముందుకు వెళ్లిపోతాం. ఆ లైన్‌లో ఇమడని మనిషి మనవాడే.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభ చూసి బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపించారు. శరీరాన్ని చూసి, కొలిచి గీయడం రామారావు అక్కడ నేర్చుకున్నారు. పద్ధతి బయటిదే. కానీ 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' లాంటి చిత్రాల్లో మనుషులు మనవాళ్లే, రేఖలో అజంతా కనిపిస్తుంది. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచితో చనిపోయేనాటికి ఆయనకు 28 నిండలేదు. వరదా వెంకటరత్నం ఆ కళాశాలను కొనసాగించారు.

అంటే పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నా బానిసత్వం కాదు. నేర్చుకున్నాక ఎవరిని చూస్తామన్నదే ప్రశ్న. మెయిన్స్‌లో వలస విద్య మీద ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ రాసి చూడండి, జవాబుకు రెండో వైపు కూడా వస్తుంది.

ఆయన వయసుకు దగ్గర్లో ఉన్న మనకు 'టైమ్ వేస్ట్ అవుతోందా' అనే భయం ఉంటుంది. నాకూ ఉంది. అయినా ఈ సాయంత్రం పది నిమిషాలు తీసుకోండి. చెయ్యి చాపి, పెన్సిల్‌తో ఎదుటి మనిషి ముఖం కొలవండి. ఒంట్లో అది ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. ఆ తర్వాతే గీయండి.